పల్లి పండే నేలలో పల్లి అలర్జీ: యువతకు చికిత్స ఏమిస్తుంది, ఏం అడుగుతుంది

యాసంగి కోతలు మొదలయ్యాయంటే పాలమూరు పల్లెల్లో ఎటు చూసినా పల్లికాయే. వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల, అచ్చంపేట, కల్వకుర్తి చేలల్లో చెట్లు పీకి, కాయ తెంపి, ఆరబెట్టి బస్తాలకెత్తుతారు. జడ్చర్లలోని బాదేపల్లి మార్కెట్ యార్డులో రాశులు లేస్తాయి. వంటింట్లో పల్లి వాడకం చెప్పనే అక్కర్లేదు. ఇడ్లీ, దోశల్లోకి పల్లి చట్నీ, వంకాయ కూరలో పల్లిపొడి, పులిహోరలో వేయించిన పల్లీలు, సద్దుల బతుకమ్మ నాడు పల్లిపొడి కలిపిన సద్ది, జాతరలో పల్లిపట్టి, బస్టాండులో పొట్లం కట్టి అమ్మే ఉడికించిన కాయ. ఇలాంటి చోట పల్లి అలర్జీతోనే పెరిగి పెద్దయినవారి సంగతి ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు. వాళ్లు సంఖ్యలో తక్కువే కావచ్చు. కానీ డాక్టర్ చెప్పే ‘అది తినకండి’ అన్న సలహాను రోజూ పాటించడం ఈ నేల మీద మరీ కష్టం.

పాలు, గుడ్డు అలర్జీ ఉన్న పిల్లల్లో చాలామందికి వయసు పెరిగేకొద్దీ అది తగ్గిపోతుంది. పల్లి అలర్జీ అంత తేలిగ్గా వదలదు. సుమారు ఐదుగురిలో ఒకరికి మాత్రమే దానంతటదే పోతుంది. ఇరవై ఏళ్లు దాటాక కూడా ఉందంటే జీవితాంతం ఉంటుందనే అనుకోవాలి. సరిగ్గా ఆ వయసులోనే కాపలా సడలుతుంది. అప్పటిదాకా ఏ గిన్నెలో ఏ గరిటె పెట్టాలో అమ్మ చూసుకునేది. తర్వాత హాస్టల్ మెస్, కోచింగ్ సెంటర్ ముందు టిఫిన్ బండి, హైదరాబాద్‌లో నలుగురు కలిసి ఉండే అద్దె గది. కొబ్బరి చట్నీ అని పోసినదాంట్లో సగం పల్లీలే ఉండొచ్చు. అడిగితే ‘ఏం కాదు తిను’ అంటారు. పదేపదే అడగడానికి మొహమాటం. ఆహార అలర్జీతో ప్రాణం మీదికి వచ్చే సందర్భాలు కౌమారం చివర, యవ్వనం తొలినాళ్లలో ఎక్కువని అనేక దేశాల వైద్యులు గుర్తించారు. కారణాలు వెతకడానికి దూరం పోనక్కర్లేదు.

అసలు జరిగేదేమిటో కొంచెం చూడాలి. మన రక్తంలో ఐజీఈ అనే ఒక రకం యాంటీబాడీ ఉంటుంది. దీన్ని 1966లో జపాన్‌కు చెందిన ఇషిజాకా దంపతులు గుర్తించారు. అలర్జీ ఉన్నవారిలో పల్లిలోని ప్రొటీన్‌ను పట్టుకునే ఐజీఈ ముందే తయారై, చర్మంలో, పేగుల్లో, ఊపిరితిత్తుల్లో ఉండే మాస్ట్ కణాల మీద కూర్చుని ఉంటుంది. పల్లి ప్రొటీన్ వచ్చి తగలగానే ఆ కణాలు హిస్టమిన్‌తో పాటు మరికొన్ని రసాయనాలను ఒక్కసారిగా విడుదల చేస్తాయి. పెదవులు వాస్తాయి, ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి, వాంతులవుతాయి. అక్కడితో ఆగితే అదృష్టం. గొంతు బిగుసుకుని ఊపిరాడకపోవడం, బీపీ పడిపోయి స్పృహ తప్పడం దాకా పోతే దాన్ని అనాఫిలాక్సిస్ అంటారు. నిమిషాల్లో మొదలవుతుంది, ఎక్కువగా రెండు గంటల లోపే. ఈ పేరు పెట్టింది 1902లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు షార్ల్ రిషే, పాల్ పోర్టియర్. ఈ పనికే రిషేకు 1913లో నోబెల్ వచ్చింది.

చికిత్స మాటకు వచ్చేముందు, అలర్జీ నిజంగా ఉందా లేదా అన్నది తేలాలి. ఇక్కడ జరుగుతున్న పొరపాటు చిన్నది కాదు. బెంగళూరు, మైసూరు ప్రాంతాల్లో పెద్దవాళ్ల మీద జరిగిన ఒక అధ్యయనంలో 26.5 శాతం మంది రక్తంలో ఏదో ఒక ఆహారానికి ఐజీఈ కనిపించింది. కానీ తింటే ఇబ్బంది కలిగి, దాన్ని ఆహార అలర్జీగా భావించదగినవారు 1.2 శాతమే. అంటే రిపోర్టులో పాజిటివ్ అని వచ్చినంత మాత్రాన తినకూడదని కాదు. అయినా వందకు పైగా పదార్థాల ప్యానెల్ టెస్టు చేయించి, ఎదురుగా గుర్తు పడిన ప్రతిదీ మానేయమని చెప్పే పద్ధతి పట్టణాల్లో బాగానే సాగుతోంది. వంకాయ, కందిపప్పు, టమాటా, పాలు అన్నీ మానేసి, బలం తగ్గి, ఎందుకు మానేశారో గుర్తులేని యువకులు కనిపిస్తారు. ఇంకోవైపు, పల్లి తిన్న ప్రతిసారీ గొంతు పట్టేస్తున్నా ‘పైత్యం’ అనుకుని సోడా తాగి ఊరుకునేవారూ ఉంటారు. ఇద్దరికీ కావలసింది ఒకటే: ఏది తిన్నాక, ఎంతసేపటికి, ఏమైందో ఓపికగా అడిగి తెలుసుకునే డాక్టర్. ఆ తర్వాతే చర్మం మీద చుక్క వేసి సూదితో చిన్నగా గుచ్చి చూసే స్కిన్ ప్రిక్ టెస్టు, పల్లిలోని అరా హెచ్ 2 అనే ప్రొటీన్‌కు రక్తపరీక్ష. అప్పటికీ అనుమానం మిగిలితే ఆసుపత్రిలో పర్యవేక్షణ మధ్య కొద్దికొద్దిగా తినిపించి చూసే ఫుడ్ చాలెంజ్. తేల్చే పరీక్ష ఈ చివరిదే. దీనికి సగం రోజు పడుతుంది, అత్యవసర మందులు పక్కనే ఉండాలి. అందుకే చాలాచోట్ల చేయరు.

ఇక చికిత్స. పడని పదార్థాన్నే అణువంత మోతాదుతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోతే ఒళ్లు దాన్ని ఓర్చుకోవడం నేర్చుకుంటుందన్నది దీని మూలసూత్రం. ఆలోచన కొత్తదేమీ కాదు. 1908లో ఆల్‌ఫ్రెడ్ స్కోఫీల్డ్ అనే బ్రిటిష్ వైద్యుడు గుడ్డు పడని పదమూడేళ్ల అబ్బాయికి గుడ్డులో పదివేల వంతుతో చేసిన మాత్రలతో మొదలుపెట్టి, చివరికి గుడ్డు తినగలిగేలా చేశాడని ‘లాన్సెట్’ పత్రికలో రాశాడు. తర్వాత దశాబ్దాల పాటు ప్రమాదమన్న భయంతో ఎవరూ దీని జోలికి పెద్దగా పోలేదు. గత ఇరవై ఏళ్లలోనే పద్ధతిగా పరీక్షలు జరిగాయి. దీన్ని ఓరల్ ఇమ్యునోథెరపీ అంటున్నారు.

కొత్త మనిషిని చూసి మీదికి ఎగబడే కుక్క, అదే మనిషి రోజూ అదే వేళకు గడప ముందు నుంచి పోతుంటే కొన్నాళ్లకు తల కూడా ఎత్తదు. నెల రోజులు కనిపించకపోతే మళ్లీ మొరుగుతుంది. ఈ చికిత్స బలం, బలహీనత రెండూ అందులోనే ఉన్నాయి.

పిల్లల మీద జరిగిన పరీక్షలు చాలా ఉన్నాయి. పెద్ద వయసువారిమీద తక్కువ. 2018లో ఫలితాలు వెలువడిన ‘పాలిసేడ్’ అనే పెద్ద అధ్యయనంలో 4 నుంచి 17 ఏళ్ల వయసు వారిలో 67.2 శాతం మంది ఏడాది చికిత్స తర్వాత 600 మిల్లీగ్రాముల పల్లి ప్రొటీన్‌ను, అంటే సుమారు రెండు గింజలను, పెద్ద ఇబ్బంది లేకుండా తట్టుకున్నారు. ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో 4 శాతమే. దాని ఆధారంగానే 2020 జనవరిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ పల్‌ఫోర్జియా అనే పల్లిపొడి మందును 4–17 ఏళ్ల వారికి అనుమతించింది. ఆ అధ్యయనంలో పెద్దవాళ్లు కొద్దిమందే ఉన్నారు, వారిలో తేడా నమ్మదగినంతగా తేలలేదు. దాంతో పద్దెనిమిది దాటితే ఇక ఆలస్యమైపోయినట్టే అన్న అభిప్రాయం స్థిరపడింది.

ఆ అభిప్రాయాన్ని కదిలించింది లండన్‌లో జరిగిన ఒక చిన్న అధ్యయనం. కింగ్స్ కాలేజ్ లండన్ పరిశోధకులు 18 నుంచి 40 ఏళ్ల మధ్య వయసున్న 21 మందిని తీసుకున్నారు. అందరికీ తీవ్రమైన పల్లి అలర్జీ ఉందని ముందే తేల్చారు. మిల్లీగ్రాము కూడా లేని పల్లిపిండిని ఆసుపత్రిలో తినిపించి మొదలుపెట్టారు. అది పడ్డాక అదే మోతాదు రోజూ ఇంట్లో తినాలి. రెండు వారాలకోసారి ఆసుపత్రికి వచ్చి కొంచెం పెంచుకోవాలి. ఇలా పెంచుతూ రోజుకు నాలుగు పెద్ద గింజలకు సమానమైన మోతాదు దాకా తెచ్చారు. 2025లో వెలువడిన ఫలితం ప్రకారం 21 మందిలో 14 మంది కనీసం ఐదు గింజలకు సరిపడే 1.4 గ్రాముల పల్లి ప్రొటీన్‌ను రియాక్షన్ లేకుండా తినగలిగారు. ముగ్గురు రియాక్షన్ల వల్లే మధ్యలో మానుకున్నారు. 21 అన్నది చిన్న సంఖ్య, పోల్చి చూడటానికి వేరే గుంపు కూడా లేదు. అయినా పెద్ద వయసులో ఇది సాధ్యమేనని చూపడానికి అది చాలు. వీళ్లు చెప్పుకున్న మార్పుల్లో ముఖ్యమైనది భయం తగ్గడం. బయట తినేటప్పుడు, ప్రయాణాల్లో గుండె దడ లేకపోవడం.

ఈ ఫలితాన్ని సరిగ్గా అర్థం చేసుకోవాలి. ఐదు గింజలు తట్టుకోవడమంటే గుప్పెడు పల్లీలు నములుతూ సినిమా చూడటం కాదు. రోజూ మందులా నాలుగు గింజలు తిని, పొరపాటున చట్నీ చుక్క తగిలినా, పల్లి వేయించిన మూకుడులో ఉప్మా చేసినా ప్రాణం మీదికి రాకుండా ఉండటం. పల్లి అరుదుగా వాడే దేశంలో ఈ లాభం కొంచెమే అనిపించవచ్చు. మెస్ వంటవాడు ఏ పొడి ఎందులో కలిపాడో తెలియని మన జిల్లాల్లో ఇంతకన్నా పనికొచ్చేది మరొకటి లేదు. తీవ్రమైన పల్లి అలర్జీ ఉన్న యువతకు ‘జాగ్రత్తగా ఉండు’ అని చెప్పి పంపేయకుండా, ఇలాంటి చికిత్స ఒకటుందని చెప్పాల్సిన బాధ్యత వైద్యుల మీద ఉంది.

అయితే ఈ చికిత్స మనిషి దినచర్యనంతా అడుగుతుంది. రోజూ ఒకే వేళకు మోతాదు తినాలి, అదీ కడుపునిండా భోజనం చేశాక. తిన్న తర్వాత రెండు గంటల పాటు పరుగు, ఆటలు, బరువులెత్తడం కూడదు. ఒళ్లు వేడెక్కి రక్తప్రసరణ పెరిగితే నిన్నటిదాకా పడిన మోతాదే ఇవాళ రియాక్షన్ తెస్తుంది. జ్వరం, నిద్రలేమి, నెలసరి రోజులు, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు, కల్లు, మందు – ఇవన్నీ అలాగే ఓర్చుకునే హద్దును కిందికి లాగుతాయి.

ఈ నియమాలను ఇక్కడి యువత బతుకు పక్కన పెట్టి చూస్తే అసలు కష్టం తెలుస్తుంది. కానిస్టేబుల్ ఈవెంట్ల కోసం తెల్లవారుజామున గ్రౌండ్లో పరుగెత్తే అబ్బాయి మోతాదును పొద్దున తీసుకోకూడదు, సాయంత్రానికి మార్చుకోవాలి. సాయంత్రం కూడా ప్రాక్టీస్ ఉంటే రాత్రి భోజనం తర్వాత తిని వెంటనే పడుకోవచ్చా అంటే అదీ మంచిది కాదు. నిద్రలో రియాక్షన్ మొదలైతే గమనించేవారుండరు. శనివారం ఒక్కపొద్దు ఉండే అమ్మాయి, రంజాన్ ఉపవాసం పాటించే యువకుడు డాక్టర్‌తో ముందే మాట్లాడి, ఇఫ్తార్ లేదా రాత్రి భోజనం తర్వాతకి మోతాదు జరుపుకోవాలి. ఖాళీ కడుపుతో తీసుకుంటే ముప్పు పెరుగుతుంది. చేనులో కూలికి పోయే రోజు, పెళ్లింట బరాత్‌లో ఆడే రోజు, దావత్‌లో కల్లు తాగే రోజు ముందే లెక్క చూసుకోవాలి. జ్వరం వస్తే మోతాదు తగ్గించాలా, ఆపాలా అన్నది ఫోన్లోనైనా డాక్టర్‌ను అడగాలి. నాలుగైదు రోజులు మానేసి మళ్లీ పాత మోతాదే మింగడం ఈ చికిత్సలో చేయకూడని పనుల్లో మొదటిది.

మరో కష్టం గురించి వైద్య వ్యాసాల్లో రెండు మాటలకు మించి కనిపించదు, కానీ చికిత్స మానుకునేవారిలో దానికి పెద్ద పాత్రే ఉంది. చిన్నప్పటి నుంచి ‘ఇది విషం’ అని నేర్చుకున్న గింజను రోజూ నోట్లో పెట్టుకోవడం. వాసనకే కడుపులో తిప్పుతుంది. నోరు కొంచెం దురద పెట్టినా అది మామూలు దురదా, పెద్దదానికి మొదలా అన్న టెన్షన్. మోతాదుల కాలంలో నోటి దురద, కడుపునొప్పి చాలామందికి వచ్చేవే. చాక్లెట్ పొడిలోనో, పెరుగులోనో కలిపి రుచి మరుగుపరచవచ్చు. భయానికి మాత్రం ఇంట్లో ఒకరు పక్కన కూర్చోవడం కన్నా మంచి మందు లేదు. తల్లిదండ్రుల్లో కొందరు బిడ్డకన్నా ఎక్కువ భయపడతారు. ఆ భయం బిడ్డకు అంటుకుంటుంది కాబట్టి మొదటి రెండు మూడు ఆసుపత్రి సందర్శనలకు ఇంట్లో ధైర్యంగా ఉండే మనిషి తోడు రావడం మేలు.

ముప్పును దాచి చెప్పకూడదు. 2019లో లాన్సెట్ ప్రచురించిన ఒక సమీక్ష 12 పరీక్షల్లోని వెయ్యి మందికి పైగా రోగుల వివరాలను కలిపి చూసింది. చికిత్స కాలంలో అనాఫిలాక్సిస్ ముప్పు పల్లీలు మానేసి ఉన్నవారితో పోలిస్తే దాదాపు మూడు రెట్లు ఉందని తేల్చింది. విన్నప్పుడు ఇది వింతగా ఉంటుంది: రియాక్షన్ తగ్గించే చికిత్సలో రియాక్షన్లు పెరగడమేమిటని. రోజూ అలర్జీ పదార్థాన్ని కావాలని తింటున్నప్పుడు మొత్తం మీద రియాక్షన్ల సంఖ్య పెరగడం సహజం. తేడా ఏమిటంటే ఇవి ఎక్కువగా తెలిసిన మోతాదుతో, తెలిసిన వేళలో, మందు చేతిలో ఉండగా వస్తాయి. అడవి అంచున ఉన్న అమ్రాబాద్ దిక్కు ఏదో పెళ్లి విందులో, ఏం తిన్నారో తెలియకుండా వచ్చే రియాక్షన్‌కు, దీనికి పోలిక లేదు. కానీ పల్లిని సులువుగా తప్పించుకోగలిగినవారికి, ఆస్తమా అదుపులో లేనివారికి, మోతాదు క్రమం తప్పే బతుకు ఉన్నవారికి ఈ బేరం లాభం కాకపోవచ్చు. కొద్దిమందిలో అన్నవాహిక వాచి మింగుడు పడని జబ్బు కూడా వస్తుంది. చికిత్స ఆపితే అది సాధారణంగా తగ్గుతుంది.

మరి జబ్బు పూర్తిగా పోతుందా? అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో 7 నుంచి 55 ఏళ్ల వయసున్న 120 మందిపై జరిగి 2019లో వెలువడిన అధ్యయనం దీనికి కటువైన జవాబిచ్చింది. రెండేళ్లు చికిత్స తీసుకుని, రోజుకు 4 గ్రాముల దాకా తట్టుకోగలిగిన తర్వాత, పల్లి పూర్తిగా ఆపేసినవారిలో ఏడాది గడిచేసరికి అదే మోతాదును తట్టుకోగలిగింది 13 శాతమే. రోజూ కొంచెం తింటూ ఉన్నవారిలో ఇంకా ఎక్కువమందికి రక్షణ నిలిచింది. మూడేళ్ల లోపు పసిపిల్లల్లో ఫలితం ఇంతకన్నా నయం. ఇరవై దాటినవారు దీన్ని బీపీ మాత్రలాంటి దీర్ఘకాలపు అలవాటుగా ఒప్పుకునే మొదలుపెట్టాలి.

ఇంకో దారి ఇంజెక్షన్. ఒమాలిజుమాబ్ అనే మందు రక్తంలోని ఐజీఈని పట్టుకుని పనిచేయకుండా చేస్తుంది. తీవ్రమైన ఆస్తమాకు, వదలని దద్దుర్లకు మన దేశంలో కూడా దీన్ని వాడుతున్నారు. 2024 ఫిబ్రవరిలో అమెరికాలో దీన్ని ఆహార అలర్జీకి కూడా అనుమతించారు. అందుకు ఆధారమైన పరీక్షలో 16 వారాల తర్వాత 67 శాతం మంది 600 మిల్లీగ్రాముల పల్లి ప్రొటీన్‌ను తట్టుకున్నారు, ఉత్తుత్తి ఇంజెక్షన్ వేసుకున్నవారిలో 7 శాతం. ఒకటి కన్నా ఎక్కువ పదార్థాలు పడనివారికి ఇది వరమే, ఎందుకంటే పల్లి, పాలు, జీడిపప్పు అని విడిగా చూడదు. కానీ రెండు లేదా నాలుగు వారాలకోసారి వేసుకుంటూ ఉండాలి, ఆపితే రక్షణ పోతుంది, ఖర్చు మధ్యతరగతికి కూడా మోయలేనిది. ఓరల్ ఇమ్యునోథెరపీలో పెంచే దశను సురక్షితంగా దాటించడానికి దీన్ని కొన్నాళ్లు తోడుగా వాడటమే మన పరిస్థితికి సరిపోయే ఉపయోగం అనిపిస్తుంది.

పల్లి ఇంటి పంట కాబట్టి ఒక ప్రమాదాన్ని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ‘రోజూ ఇంత నాలుకకు రాస్తే అదే అలవాటైతది’ అనే పెద్దమనుషుల మాట. ఆ మాటలోని దారి సరైనదే, మొత్తం చికిత్స ఆ దారిలోనే పోతోంది. మోతాదులోనే ప్రమాదం ఉంది. ఒక గింజలో సుమారు 250 నుంచి 300 మిల్లీగ్రాముల ప్రొటీన్ ఉంటుంది. చికిత్స మొదలయ్యే మోతాదు అందులో కొన్ని వందల వంతు. వంటింట్లో ఏ చెంచాతోనూ అది కొలవలేం. ‘చిటికెడు’ అన్నది ఆరంభ మోతాదుకు ఎన్నో రెట్లు ఉంటుంది.

ఉడికించిన పల్లికాయ గురించి కూడా ఇదే. నీళ్లలో చాలాసేపు ఉడికితే అలర్జీ కలిగించే ప్రొటీన్ కొంత నీళ్లలోకి పోతుంది, మిగిలినదాని బలం తగ్గుతుంది. వేయించితే బలం పెరుగుతుంది. దీన్ని వాడుకుని ఆస్ట్రేలియా వైద్యులు 6 నుంచి 18 ఏళ్ల వయసున్న 70 మందికి మొదట 12 గంటలు ఉడికించిన పల్లీలు, తర్వాత 2 గంటలు ఉడికించినవి, చివరికి వేయించినవి ఇచ్చి, 56 మందిని లక్ష్యం దాకా చేర్చారు. ఖరీదైన మందు లేకుండా మామూలు గింజలతోనే ఇది చేయడం మన ప్రాంతానికి ఎంతో ఆశ కలిగించే విషయం. పల్లికి కొదవలేని జిల్లాల్లో ఇలాంటి తక్కువ ఖర్చు పద్ధతి మీద పరిశోధన జరగాలి. బీబీనగర్ ఎయిమ్స్ లాంటి చోట మొదలైతే నల్లగొండకు, పాలమూరుకు రెంటికీ అందుతుంది. అంతవరకు బస్టాండులో గంటసేపు ఉడికిన కాయను ఈ 12 గంటల గింజతో సమానమనుకుని ప్రయోగం చేస్తే ప్రాణాలతో చెలగాటమే.

నూనె విషయంలో చాలామందికి ఉన్న సందేహానికి జవాబు: రిఫైన్డ్ పల్లినూనెలో ప్రొటీన్ దాదాపు మిగలదు, ఎక్కువమందికి ఇబ్బంది రాదు. ఈ మధ్య ఇష్టంగా కొంటున్న గానుగ నూనెలో మాత్రం ప్రొటీన్ మిగిలి ఉంటుంది, కాబట్టి అది వద్దు.

ప్యాకెట్ల మీద రాసే వివరం కొంత ఆసరా. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2020 నాటి లేబులింగ్ నిబంధనల ప్రకారం పల్లి, పాలు, గుడ్డు, చేప, సోయా, గ్లూటెన్ ఉన్న ధాన్యాలు మొదలైనవి ఉంటే ప్యాకెట్ మీద విడిగా చెప్పాలి. ఆ జాబితాలో నువ్వులు లేవు. సకినాలు, నువ్వుల ఉండలు, నువ్వుల పొడి లేనిదే పండగ జరగని తెలంగాణలో ఇది పెద్ద లోటు. అమెరికాలో 2023 నుంచి నువ్వులను కూడా తప్పనిసరి జాబితాలో చేర్చారు. మనకూ చేర్చాలి. ఇక విడిగా అమ్మే మిఠాయికి, కారాకు, బండి మీది చట్నీకి లేబులే లేదు. అక్కడ అడిగి తెలుసుకోవడం తప్ప దారి లేదు.

పెళ్లి సంబంధాలప్పుడు అలర్జీని దాచిపెట్టే ఇళ్లున్నాయి, ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో. ‘ఒంట్లో రోగం’ అంటారేమోనన్న భయం. అత్తగారింట మొదటి పూటే పల్లిపొడి వేసిన కూర ముందు కూర్చుని, కొత్తగా అడగలేక తినే పరిస్థితి వస్తుంది. చెప్పకపోవడం వల్ల వచ్చే ముప్పు ముందు ఒక సంబంధం తప్పిపోవడం ఏపాటి? ఇది అంటురోగం కాదు, పని చేసుకోవడానికి అడ్డు రాదు, వంటింట్లో ఒక గరిటె, ఒక మూకుడు వేరు పెట్టుకుంటే చాలు. ఇరువైపుల పెద్దలకూ ఇది ముందే తెలియాలి. చికిత్సలో ఉన్న అమ్మాయి అయితే రోజువారీ మోతాదు సంగతి భర్తకు, అత్తకు చెప్పి తీరాలి. మానేస్తే ఏమవుతుందో వాళ్లకూ తెలియాలి.

ఇన్ని చెప్పుకున్నాక దూరం సంగతి. రెండు వారాలకోసారి మోతాదు పెంచడానికి అలర్జీ నిపుణుడి దగ్గరికి పోవాలంటే మహబూబ్‌నగర్ నుంచి, నల్లగొండ నుంచి హైదరాబాద్‌కు సుమారు 100 కిలోమీటర్లు. గద్వాల నుంచి ఇంకా ఎక్కువ. పోను రాను చార్జీలు, కూలి పోగొట్టుకున్న రోజు, ఆసుపత్రిలో గంటలకొద్దీ ఎదురుచూపు కలిపితే పేదింటి పిల్లలకు చికిత్స మధ్యలోనే ఆగిపోతుంది. మహబూబ్‌నగర్, నల్లగొండ, సూర్యాపేట, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో ఇప్పుడు ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. రోగ నిర్ధారణ, తొలి మోతాదు నిపుణుల చేతుల్లోనే ఉంచి, మధ్యలో పెంచే విడతలు ఈ ఆసుపత్రుల్లో జరిగేలా ఏర్పాటు చేయడం అసాధ్యమేమీ కాదు. అందుకు ఒక మంచం, రెండు గంటలు గమనించే నర్సు, రియాక్షన్ వస్తే వేయడానికి అడ్రినలిన్ ఇంజెక్షన్ చాలు.

అడ్రినలిన్ దగ్గరే మన వైద్యం ఎక్కువగా తడబడుతోంది. అనాఫిలాక్సిస్‌కు ప్రాణం కాపాడే మొదటి మందు ఇదొక్కటే. పెద్దవాళ్లకు 0.5 మిల్లీగ్రాములు, తొడ బయటి వైపు కండరంలోకి. తగ్గకపోతే ఐదు నిమిషాలకు మళ్లీ. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి పోతే ఎవిల్ అనే అలర్జీ ఇంజెక్షన్, డెకడ్రాన్ అనే స్టెరాయిడ్ వేసి కూర్చోబెడతారు. పెద్ద ఆసుపత్రుల్లో కూడా కొన్నిసార్లు అవే ముందు పడతాయి. ఎవిల్ దద్దుర్లను తగ్గిస్తుంది, మూసుకుపోతున్న గొంతును తెరవలేదు. డెకడ్రాన్ పనిచేయడానికి గంటలు పడుతుంది. విదేశాల్లో జేబులో పెట్టుకుని తిరిగే, అడ్రినలిన్ ముందే నింపి ఉన్న ఆటో ఇంజెక్టర్ మన మెడికల్ షాపుల్లో సులువుగా దొరకదు. అందువల్ల చికిత్సలో ఉన్న యువతకు, ఇంట్లో ఒకరికి డాక్టరే ఆంప్యూల్ అనే చిన్న గాజు సీసా నుంచి సిరంజిలోకి తీసి వేయడం నేర్పించి, రాతపూర్వకంగా ఒక కాగితం ఇవ్వాలి. ఊపిరి ఆడకపోయినా, కళ్లు తిరిగినా వెంటనే ఇంజెక్షన్, ఆ తర్వాత 108కి ఫోన్. కళ్లు తిరుగుతుంటే వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తి ఉంచాలి, లేపి నడిపించకూడదు. తగ్గినట్టు కనిపించినా ఆసుపత్రికి పోవాల్సిందే, కొన్ని గంటల తర్వాత రెండోసారి తిరగబెట్టే అవకాశం ఉంటుంది.

అడ్రినలిన్ జాతీయ అత్యావశ్యక మందుల జాబితాలో ఉంది, ఆంప్యూల్ చాలా చవక. దేవరకొండ అవతలి తండాలకు, నల్లమల అంచు గూడేలకు దగ్గరలో ఉన్న ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ అది గడువు దాటకుండా ఉందా, రాత్రి డ్యూటీలో ఉన్న నర్సుకు డాక్టర్ కోసం ఎదురుచూడకుండా వేసే అధికారం, శిక్షణ ఉన్నాయా అన్నది జిల్లా వైద్యాధికారులు ముందుగా చూడాలి. చికిత్స మొదలుపెట్టాలనుకునే యువకుడు కూడా హైదరాబాద్ బస్సెక్కే ముందు తన ఊరి ఆరోగ్య కేంద్రానికి పోయి అడగాల్సింది ఇదే.